నా పేరు మీద ఇంకొకరి రక్తం

కోపం తగ్గాక రాయమని మా అమ్మాయి శ్రావణి చెప్పింది. తగ్గేదాకా ఆగితే ఇది ఎప్పటికీ రాయలేనని ఇప్పుడే కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు తప్పితే శ్రావణి దిద్దుతుంది. మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను. పేర్లు నేనే మార్చాను.

మా ఆయన ఒంట్లో హెచ్‌ఐవి ఉంది. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. నాకొక్కదానికే పద్నాలుగు నెలలు తెలియనివ్వలేదు. నాకూ అంటిందా లేదా అన్నది తేలడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఇదంతా ఆ పదిహేడు నెలల సంగతి. నాలాంటి ఆడది ఇంకెక్కడైనా ఉంటే, ఇది చదివి ఆ రోజే చెప్పులు వేసుకుని పరీక్షకు బయలుదేరాలని రాస్తున్నాను.

ఆ వానాకాలం

మాది సరూర్‌నగర్ పాత ఊరు. చెరువు వెనక మా మామగారి జాగాలో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద మా బావ జంగయ్య, అంటే మా ఆయన అన్న, ఆయన భార్య బాలమణి అక్క ఉంటారు. పైన మేము. బావకు ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ప్లాట్ల ఆఫీసు ఉంది. మా ఆయన నర్సింహది పండ్ల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేవాడు. మార్కెట్‌ను ఊరవతల బాటసింగారానికి మార్చాక పొద్దున వెళితే మళ్ళీ సాయంత్రమే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దవాఖాన కాగితం ఏదైనా బావ చేతికే పోతుంది. మా అత్తకు గుండె చూపించినప్పుడు, అక్కకు గర్భసంచి తీసినప్పుడు, నాకు కాన్పు అయినప్పుడు డాక్టర్లు మాట్లాడింది బావతోనే. భూమి పట్టాలున్న బీరువాలోనే మా అందరి రిపోర్టులూ ఉంటాయి. ఆ పద్ధతి నాకెప్పుడూ తప్పు అనిపించలేదు. అది కూడా ఒప్పుకోవాలి. డాక్టరు ఇంగ్లీషులో ఏదైనా అంటే "మా బావకు చెప్పున్రి సారూ" అని నేనే అన్న రోజులున్నాయి.

ఆ వానాకాలం మా ఆయనకు జ్వరం పట్టుకుంది. తగ్గేది, వారం తిరగకముందే మళ్ళీ వచ్చేది. నోట్లో తెల్లగా పూత పూసింది. పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే నాలుగు ముద్దలు మింగేవాడు. ప్యాంటు నడుము దగ్గర నా చెయ్యి పట్టేంత వదులైంది. కొత్తపేటలో ఇద్దరు డాక్టర్లు చూశారు. ఆఖరికి బావ కారులో ఎక్కించుకుని పెద్ద దవాఖానకు బయలుదేరాడు. నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకమ్మా? లైన్లల్ల నిలబడలేవు. ఇంటికాడ ఉండు" అన్నాడు బావ.

ఇలా నాలుగు సార్లు తిరిగారు. నాలుగోసారి మధ్యాహ్నం వచ్చి, బావ చిన్న తెల్ల డబ్బా నా చేతిలో పెట్టాడు.

"నరాలల్ల బలం పోయిందంట. పొద్దుగాల తిన్నంక ఒక్క మాత్ర. ఒక్క దినం గూడ తప్పొద్దన్నరు."

"ఎన్ని దినాలు బావా?"

"ఇగ వాడుకుంటనే ఉండాలె."

డబ్బా మీద కాగితం గీకేసి ఉంది. జిగురు మరక నా వేలికి అంటుకుంది. కాగితం ఏమైందని అడిగితే తడిసి ఊడిపోయిందన్నాడు. ఆయన అన్నాక నేను మళ్ళీ అడిగేదాన్ని కాదు. తర్వాత నెలల మాత్రలు కూడా మా ఆయన ఆ డబ్బాలోనే పోసి తెచ్చేవాడు.

ఆ రోజు నుంచి ఆ మాత్ర నా పని అయింది. మా ఆయనకు మాత్రలంటే చిన్నప్పటి నుంచీ పడదు. టిఫిన్ తిని మెల్లగా జారుకోబోయేవాడు.

"మాత్ర ఎయ్యి."

"ఏసుకుంట గానీ నువ్వు పోవే."

"నా ముందట ఎయ్యి. ఏదీ, నోరు తెరువు."

"నేనేమన్న బడి పోరణ్ణా?"

"బడి పోరడే నయం, చెప్పిన మాట ఇంటడు."

రోజూ ఇదే ఆట. ఆయన నోరు తెరిచి నాలుక చాపి చూపించేవాడు, నేను నవ్వేదాన్ని. పొద్దున్నే మార్కెట్‌లో లోడు దిగేది ఉంటే మాత్రను కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసి, తొమ్మిదింటికి ఫోన్ చేసేదాన్ని. నాకు అక్షరం తక్కువ గానీ జ్ఞాపకం గట్టిది. పద్నాలుగు నెలల్లో తప్పింది ఒక్క మాత్ర. ఇబ్రహీంపట్నంలో మా మేనత్త మనవడి పెళ్ళి రోజు.

మొదట రెండు నెలలు ఆయన హాల్లో పడుకున్నాడు. ఒళ్ళు వేడి, నీకు నిద్ర పట్టదు అనేవాడు. తర్వాత ముఖం తేరుకుంది, ఒంటికి కండ పట్టింది. ఇంక లోపలికి రమ్మని నేనే పిలిచాను. ఒకసారి కాదు, నాలుగు సార్లు పిలిచాను. ఆయన గడపలో నిలబడి కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత వచ్చాడు. నోరు విప్పడానికి ఆ కొంచెంసేపు చాలు. విప్పలేదు.

మరుసటి ఏడు, వినాయక చవితి వెళ్ళిన వారం

కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. వీపు మీదుగా భుజానికి పాకేది. ఊపిరి తీస్తే కత్తితో పొడిచినట్టుండేది. ఎల్‌బీ నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కు పోయాము. స్కాన్ చేసి పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసేయాలి అన్నారు. నల్లగొండ వైపు నర్సు పిల్ల ఒకతె రక్త పరీక్షల చీటీ రాస్తోంది. ఆమె రాస్తుంటే మా ఆయన చీటీలోకి తొంగి చూశాడు. ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు.

నేను నీళ్ళసీసా పట్టుకుని వెనకే వెళ్ళాను. నీళ్ళ ఫిల్టరు మెట్ల పక్కనే ఉంది. ఆయన మెట్ల మలుపులో నిలబడి గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు.

"అన్నా, ఆపరేషన్ ముందట అన్ని పరీక్షలు రాస్తున్రు. గా పరీక్ష గూడ ఉన్నది. ఆమెకు గూడ ఉన్నదని ఒస్తే నేనేం జెయ్యాలె? నువ్వు జర డాక్టర్‌తోని మాట్లాడు. ఆ ఒక్కటి ఒద్దను."

సీసా నిండి నీళ్ళు నా చెప్పుల మీద పోయాయి. వెనక్కి వచ్చి నర్సు ముందు కూర్చున్నాను.

"బిడ్డా, గా చీటీల ఏమేం రాసినవో ఒక్కొక్క పేరు సదువు."

"షుగరు, రక్తం ఎంతున్నదో, కిడ్నీ, కామెర్లు, హెచ్‌ఐవి. ఆపరేషన్ అంటే అందరికి చేస్తరమ్మా. పరేషాన్ గాకు."

నేను వేళ్ళు మడుస్తూ విన్నాను. ఐదో వేలు దగ్గర ఆగిపోయాను. నోట్లో తెల్లపూత, గీకేసిన కాగితం, జీవితాంతం మాత్ర, హాల్లో పడక, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. అన్నిటినీ గుర్తు పెట్టుకున్నాను, ఒక్కదాన్నీ దేనితోనూ కలపలేకపోయాను.

మా ఆయన వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నీకు ఉన్నదా?" అన్నాను.

ఏది అని ఆయన అడగలేదు. కాళ్ళ వైపు చూశాడు.

"ఎప్పటి సంది తెల్సు?"

"పోయిన ఏడు వానకాలం."

"ఇంకెవరికి తెల్సు?"

"అన్నకు. ఒదినెకు."

"నాకెందుకు చెప్పలె?"

"అన్న ఒద్దన్నడు. చెప్తే పుట్టింటికి పోతది, ఊరంత తెలుస్తది, శ్రావణికి సంబంధం ఎట్ల ఒస్తది అన్నడు."

ఆయన ఏడుస్తున్నాడు. ఎదురు కుర్చీలో ముసలాయన, నాకే ఏదో పెద్ద జబ్బు అనుకుని జాలిగా చూస్తున్నాడు. ఆ జబ్బు మా ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. చెప్పాడు. ఇక్కడ రాయను. అది ఆయన దగ్గరే ఉండనీ. నా తగాదా దాని మీద కాదు. జబ్బు ఎవరికైనా రావచ్చు. వచ్చిందని తెలిసి, పక్కన పడుకునేదానికి చెప్పకపోవడం జబ్బు కాదు.

నర్సు సూది తీసుకుని వచ్చింది. నేను లేచాను.

"ఇయ్యాల ఒద్దు బిడ్డా" అని, మా ఆయనతో అన్నాను, "నీ మాత్ర యాడ ఇస్తరో రేపు నన్ను గాడికి తీస్కపో."

మరునాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాము. కోచింగ్ పిల్లలు సంచులు కాళ్ళ మధ్య పెట్టుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు. మేము పక్కపక్కనే కూర్చున్నాం. నొప్పి వచ్చినప్పుడు నేను ముందుకు వంగితే ఆయన వీపు మీద చెయ్యి వేయబోయాడు. తీసేశాను.

పెద్ద దవాఖానలో ఈ మందులిచ్చే సెంటరు హాలు నిండా జనం. మాస్కులు, కొంగులు, మఫ్లర్లు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. కుర్చీలు లేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. తల నిండా కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి నన్ను చూసి లేచి, "కూసో అక్కా, నాది అయితది ఇప్పుడే" అంది. ఆమె పని గంటన్నర దాకా కాలేదు. అంతసేపూ నిలబడే ఉంది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆ రోజు నా కోసం ఎవరైనా నిలబడ్డారంటే ఆమె ఒక్కతే.

మమ్మల్ని లోపలికి పిలిచింది కౌన్సెలర్ ప్రసన్న మేడం. మాట గోదావరి వైపు మాట. కంప్యూటర్‌లో మా ఆయన నంబరు కొట్టి, తలెత్తి నన్ను చూసింది.

"నర్సింహగారూ, ఈవిడెవరండీ?"

"నా భార్య మేడం."

ఆమె కంప్యూటర్ వంక చూసింది, మళ్ళీ నా వంక చూసింది.

"అదేంటండీ? మీ భార్యగారు పోయినేడే వచ్చి పరీక్ష చేయించుకున్నారు కదా. సుగుణ. నలభై రెండేళ్ళు. నెగెటివ్ అని రాసుంది."

"సుగుణ నేనే మేడం. నేను గీ దవాఖానకు రావుడు గిదే మొదలు."

మా ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఎవరు ఒచ్చిన్రు?" అని ఆయన్నే అడిగాను.

"ఒదినె" అన్నాడు చేతుల్లోంచే. "భార్యను తీస్కరమ్మని మేడం ఒచ్చినప్పుడల్ల అడుగుతుంటే, అన్న ఒదినెను తోలిచ్చిండు."

ఎంత తెలివి చూడండి. పట్టాదారు ఊళ్ళో లేకపోతే రిజిస్ట్రేషన్‌కు వాళ్ళింట్లో ఇంకొకరిని నిలబెట్టి పని జరుపుకోవడం మా బావకు అలవాటే. అలాగే నా బదులు తన భార్యను నిలబెట్టాడు. ఆమె నా పేరు చెప్పింది, నా వయసు చెప్పింది, చెయ్యి చాపింది. కాగితం మీద నాకు జబ్బు లేదు. కాగితం మంచిగుంటే మనిషీ మంచిగున్నట్టే ఆయనకు.

మేడం మీద కూడా గొంతు లేపాను.

"మీరు మొగం సూడరా? ఆధార్ అడగరా?"

"ఇక్కడికి రావడానికే జనం భయపడతారమ్మా. కార్డులు అడిగితే అసలు రారు. భార్య అని ఆయన అన్నారు, అవునని ఆవిడంది. నమ్మాం." ఆమె కళ్ళు దించుకుంది. "ఏం చెప్పినా మీకు అన్యాయమే జరిగింది. మా తప్పూ ఉంది."

"ఆమెకు ఏం చెప్పిన్రు?"

"మీకు చెప్పాల్సినవన్నీ చెప్పానమ్మా. ఏ జాగ్రత్తలు తీసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు పరీక్షకి రావాలో. జబ్బు లేనివాళ్ళకి రాకుండా కూడా మాత్ర ఉందని, డాక్టరుగారు రాసిస్తే బయట మందుల దుకాణంలో దొరుకుతుందని."

"లేనోళ్ళకు రాకుంట మాత్ర? గది ఎప్పటి సంది ఉన్నది?"

"కొన్నేళ్ళుగా ఉంది."

"పోయిన ఏడు గూడ ఉండెనా?"

"ఉందమ్మా. ఇప్పుడు ఆరు నెలలకోసారి వేసే సూది కూడా వచ్చిందంటున్నారు. మా దగ్గరికింకా రాలేదు."

నాకు దక్కాల్సిన ప్రతి మాటా ఇంకొకరి చెవుల్లోకి పోయింది. మందు ఏ దేశం నుంచో బయలుదేరి మా దిల్‌సుఖ్‌నగర్ మందుల దుకాణాల దాకా వచ్చింది. దాని సంగతి మాత్రం మా ఇంటి పద్దెనిమిది మెట్లు ఎక్కి పైకి రాలేకపోయింది.

"ఇప్పుడు మీకు పరీక్ష చేయమంటారా? మీ ఇష్టం ఉంటేనే" అంది మేడం. నా ఒంటి సంగతిలో నా ఇష్టం అడిగిన మొదటి మనిషి ఆమె.

వేలికి సూది గుచ్చారు. అరగంట ఆగమన్నారు. ఆ అరగంటలో నేను శ్రావణి గురించే ఆలోచించాను. దానికి ఏమని చెప్పాలి, ఎవరు చెప్పాలి, అది ఎవరి ముఖం చూడాలి. మా ఆయన రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. హాల్లో ఎవరి ఫోనో మోగితే ఇద్దరం ఉలిక్కిపడ్డాము.

"ఈ రోజుకి మీకు లేదమ్మా" అంది మేడం. "కానీ ఈ మధ్యనే ఒంట్లోకి వచ్చి ఉంటే, కొన్ని వారాల దాకా పరీక్షలో కనపడకపోవచ్చు. మూడు నెలలకి మళ్ళీ చేస్తే ధైర్యంగా చెప్పగలం."

తర్వాత ఆమె మా ఆయన ఫైలు తిప్పింది. ఆయన రక్తంలో పురుగు యంత్రానికి కూడా అందనంత తగ్గిపోయిందట. అలా తగ్గి ఉన్నంత కాలం భార్యకు అంటదట. అయితే మొదట్లో, మాత్ర పని పట్టకముందు రోజులకు మాత్రం ఆ భరోసా లేదు.

"మీవారు చాలా బాగా వాడుతున్నారు. చాలామంది మధ్యలో మానేస్తారు. ఈయన డబ్బాలో మిగిలిన మాత్రలు ప్రతిసారీ లెక్కకి సరిపోతాయి. ఇంట్లో ఎవరు గుర్తు చేస్తారండీ?"

మా ఆయన నా వైపు వేలు చూపించాడు.

మేడం పెన్ను కింద పెట్టేసింది. నన్ను పొగడాలో ఓదార్చాలో ఆమెకు తెలియలేదు. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. నోరు తెరువు, నాలుక చాపు అని నవ్వుతూ పద్నాలుగు నెలలు నా ప్రాణానికి నేనే కాపలా కాశాను. ఎవరికి కాస్తున్నానో నాకే తెలియకుండా. ఒక వారం అలిగి ఆ మాత్ర సంగతి వదిలేసి ఉంటే? నెల రోజులు పుట్టింటికి పోయి ఉంటే? నరాల బలం మాత్రే కదా, ఒకపూట తప్పితే ఏమైతుంది అనుకుని ఉంటే?

ఆ సాయంత్రం

ఇంటికి వచ్చేసరికి అక్క కింది వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది.

"రాయే, నొప్పి తగ్గిందా?"

"అక్కా, నీ ఏలు సూపెట్టు."

"ఏందే?"

"ఏ ఏలుకు సూది గుచ్చిన్రో సూపెట్టు."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మా ఆయన మమ్మల్ని దాటుకుని గబగబా పైకి పోయాడు.

"ఆయన పొమ్మన్నడు, పోయిన" అంది అక్క. "పెండ్లయినకాంచి ఆయన చెప్పింది నేనెప్పుడు కాదన్న? గాడ అరగంట కూసుండబెట్టిన్రు సుగుణా. నా పానం పోయినంత పనయింది. తప్పు చేస్తున్న గదా, దేవుడు ఆ జబ్బు నాకే పెడ్తడేమో అనిపిచ్చింది."

"అరగంటకే పానం పోయిందా? మరి నన్ను పద్నాలుగు నెలలు ఎట్ల కూసోబెట్టినవ్?"

"చెప్దామని మెట్లెక్కిన. ఒట్టు. మూడు సార్లు ఎక్కిన. నువ్వు నవ్వుకుంట చాయ్ తాగుతవా అక్కా అంటివి. తాగి దిగిన."

ఆ మూడు చాయ్‌లూ నాకు గుర్తున్నాయి. ఒకరోజు పాలు విరిగితే అల్లం వేసి నల్ల చాయ్ పెట్టాను. బాగుందని ఇంకో కప్పు అడిగి తాగింది. చెప్పలేక తాగిందని ఇప్పుడు అంటోంది. ఆమె తలకు నూనె పెట్టిన చేతులు నావి. గర్భసంచి తీసినప్పుడు నెల రోజులు కూర్చోబెట్టి అన్నం తినిపించాను. ఈమె కూడానా అన్న బాధ, మా ఆయన మీద కోపం కంటే పెద్దదైంది.

"రెండో కప్పు గూడ తాగినవ్ అక్కా" అని పైకి వచ్చేశాను.

మూడు నెలలు

డాక్టరు నాకు కిడ్నీ పరీక్ష చేయించి, రాకుండా ఆపే మాత్ర రాశాడు. మీ ఆయన రక్తం చివరిసారి చూసి ఆరు నెలలు దాటింది, కొత్త లెక్క వచ్చేదాకా వాడుకుంటే నీకు మనశ్శాంతి అన్నాడు. మొదటి రెండు వారాలు పొద్దున లేస్తే వికారం. పప్పు పోపు వాసనకే కడుపు తిప్పేది. తల బరువు, నోరు చేదు. తర్వాత తగ్గింది. ఒకే బల్ల మీద ఇద్దరి డబ్బాలు. ఆయన తన మాత్ర తానే వేసుకుని వెళ్ళేవాడు. నన్ను నోరు తెరవమనేవాళ్ళు ఎవరూ లేరు.

శ్రావణికి నేనే చెప్పాను. వాళ్ళ నాన్న చెప్తానన్నాడు గానీ మూడు రోజులు రేపు రేపని వాయిదా వేశాడు. అది డిగ్రీ చదువుతోంది, అన్నీ విని ఒకటే అడిగింది. "అమ్మా, నాకు చూపిస్తే ఆ డబ్బా మీద కాగితం చదివేదాన్ని కదా?" అందుకే గీకారు తల్లీ అన్నాను. అప్పుడు ఏడ్చింది.

దసరా అయ్యాక రాళ్ళ ఆపరేషన్‌కు అదే నర్సింగ్ హోమ్‌లో చేరాను. సంతకాల కాగితం తెచ్చేసరికి బావ అక్కడే ఉన్నాడు. ఎవరు చెప్పారో, పద్ధతి ప్రకారం వచ్చి పెన్ను తీశాడు. నొప్పితో మంచం మీద వంకర తిరిగి ఉన్నాను, అయినా లేచి కూర్చున్నాను.

"బిడ్డా, ఆ కాగితం నాకియ్యి. ముందుగాల చదివి చెప్పు. మొత్తం చదువు" అన్నాను నర్సుతో.

ఆ పిల్ల తెలుగులో ఒక్కొక్క వాక్యం చెప్పింది. ఐదు నిమిషాలు పట్టింది. బావ పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. సు, గు, ణ అని మూడక్షరాలు వంకరగా రాశాను.

ఆపరేషన్ అయ్యాక నన్ను చూసుకున్నది ఒక ఆయమ్మ. వెచ్చని నీళ్ళతో ముఖం తుడిచి, చిక్కుపడ్డ జుట్టును రెండు జడలు వేసి, "ఇస్కూలు పిల్లలెక్క ఉన్నవ్" అని నవ్వించింది. నవ్వితే కుట్లు లాగాయి. చాలా రోజుల తర్వాత నవ్వాను.

నయమైంది కదా అని ఆ రోజుల్ని తేలిగ్గా రాయలేను. మా ఆయన కొత్త లెక్కలో కూడా పురుగు దొరకలేదు. అయినా నా మూడు నెలలు నాకు ఉండనే ఉన్నాయి. పెదవి మీద పొక్కు లేస్తే అదేనా అనుకున్నాను. జలుబు చేస్తే అదేనా. అద్దం ముందు నాలుక చాపి తెల్లపూత వెతుక్కున్నాను. మా ఆయన సగం రోజులు మార్కెట్‌లో అన్నం తినకుండా వచ్చేవాడు. ఆయన మీద జాలి కలిగిన రోజున నా మీద నాకే కోపం వచ్చేది. విడిచిపెట్టి పోవచ్చు కదా అని మా చెల్లెలు అడిగింది. పోతే వాళ్ళు అనుకున్నదే నిజం చేసినట్టు అవుతుంది. నేను ఉంటే నా ఇష్టంతో ఉన్నానని, పోయినా నా ఇష్టంతో పోయానని తెలియాలి. ప్రస్తుతానికి ఉన్నాను.

ఆడవాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా పేరు చెప్పని జబ్బు ఉంటే పేరు అడగండి. డబ్బా మీద కాగితం లేకపోతే ఆ మాత్రను మందుల దుకాణానికి తీసుకుపోయి అడగండి. పరీక్షకు అరగంట పడుతుంది. జబ్బు ఉంటే బతికించే మాత్ర ఉంది, లేకపోతే రాకుండా ఆపే మాత్ర ఉంది. ఇన్ని ఉండి కూడా మనకు అందకపోతే, ఎవరి చెయ్యి అడ్డం పడిందో చూడండి.

డిసెంబరు

మూడో నెల పరీక్షకు బయలుదేరుతుంటే అక్క కింద గేటు దగ్గర నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది. పెళ్ళికేమో అనుకున్నాను.

"నేను గూడ ఒస్త" అంది.

"ఎందుకు? మల్ల నా బదులు కూసుంటవా?"

ముఖం మీద కొట్టినట్టే అన్నాను. ఆమె ఆ మాట పడింది. మెట్రోలో నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడింది.

సెంటరులో ప్రసన్న మేడం తలెత్తేలోగా అక్కే ముందుకు వెళ్ళి బల్ల పట్టుకుంది.

"మేడం, ఆ దినం ఒచ్చింది నేను. నా పేరు బాలమణి. ఈమె పేరు మీద నా రక్తం రాసుకున్నరు. నాకు తెల్సే అబద్ధం చెప్పిన. కొట్టెయ్యిన్రి."

ఇల్లు దాటి ఒంటరిగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. మేడం ఆమెను కూర్చోమని, నీళ్ళిచ్చి, ఏదో రాసుకుంది. నన్ను లోపలికి పిలిచారు. మళ్ళీ వేలు, మళ్ళీ సూది, మళ్ళీ అరగంట. అక్క నా చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోనివ్వలేదు. లాక్కోనూ లేదు, బల్ల మీద పక్కనే ఉంచాను.

నెగెటివ్ అని చెప్పారు. ఈసారి అది నా రక్తమే.

ఆ సాయంత్రం బావ మిఠాయి డబ్బా పట్టుకుని పైకి వచ్చాడు. వెనకే అక్క. మా ఆయన, శ్రావణి హాల్లోనే ఉన్నారు. ఇన్ని నెలల్లో బావ నాతో ఈ సంగతి మాట్లాడడం అదే మొదలు.

"చూసినవా అమ్మా, ఏం కాలే. అంత దేవుని దయ. ఇంటి మంచికే చేసిన గానీ నాకేమన్న పగనా? ఇగ గా కోపం ఇడిసిపెట్టు. నోరు తీపి చేస్కో."

డబ్బా నా ముందుకు చాపాడు. నేను అందుకోలేదు.

"ఏం కాలే బావా. నిజమే. ఒక్కటి అడుగుత, చెప్పు. నువ్వు ఆ కాగితం గీకేసిన దినం, నాకేం గాదని నీకు తెల్సునా?"

ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తలెత్తలేదు.

"నన్ను సూడు బావా. తెల్సునా, తెల్వదా?"

"తెల్వదు" అన్నాడు.

"తెల్వకనే నా పానం పందెంల పెట్టినవ్. గెలిచిన అని నాకే మిఠాయి తెచ్చినవ్."

చాపిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక బావ అలాగే నిలబడ్డాడు. అక్క వచ్చి ఆ డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుంది. నాకు ఇవ్వలేదు, బల్ల మీద పెట్టలేదు. "నడువు" అంది ఆయనతో, డబ్బా పట్టుకుని ముందు తానే దిగింది.